ర్యాంపు చివర తెగిపోయిన సోలో: ఒక వైర్‌లెస్ గిటార్ కేస్ స్టడీ

మూడో పాట మధ్యలో లీడ్ గిటార్ ఆగిపోయింది. తీగ తెగలేదు, యాంప్ కాలలేదు. గిటారిస్టు ర్యాంపు చివరి అంచున నిలబడి, కళ్లు మూసుకుని, ఒక స్వరాన్ని సాగదీస్తున్నాడు. వేళ్లు కదులుతూనే ఉన్నాయి, స్పీకర్లలో మాత్రం ఏమీ లేదు. అర సెకను నిశ్శబ్దం, తర్వాత ముక్కలు ముక్కలుగా శబ్దం, మళ్లీ నిశ్శబ్దం. నేను స్టేజీ పక్కన, వాయించేవాళ్లకు వాళ్ల శబ్దం వినిపించే మానిటర్ మిక్సర్ దగ్గర ఉన్నాను. పెడల్‌బోర్డు (శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెడళ్ల పలక) మీది వైర్‌లెస్ రిసీవర్‌లో ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయి, చివరికి ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. ఏమైందన్నట్టు అతను వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. తిరగగానే గిటార్ వినిపించింది.

ఆ తిరగడంలోనే కేసు సగం ఉందని నాకు మర్నాటికి గానీ అర్థం కాలేదు.

ఆ రోజు అమరిక

బృందంలో ఆరుగురు: గాయని, గాయకుడు, లీడ్ గిటార్, కీబోర్డు, బేస్, డ్రమ్స్. మూసి ఉన్న ఆడిటోరియం, సుమారు 900 సీట్లు. స్టేజీ మధ్య నుంచి ప్రేక్షకుల్లోకి 8 మీటర్ల ర్యాంపు. పెడల్‌బోర్డు స్టేజీ వెనక భాగంలో యాంప్ ముందు నేల మీద ఉంది. అక్కడి నుంచి ర్యాంపు చివరికి 16 మీటర్లు.

గిటారిస్టు వాడుతున్నది 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ వైర్‌లెస్, అంటే గిటార్ శబ్దాన్ని కేబుల్ లేకుండా రేడియో తరంగాలతో పంపే పరికరం. ట్రాన్స్‌మిటర్ బొటనవేలంత ఉండి గిటార్ జాక్‌లో నేరుగా గుచ్చుకుంటుంది. రిసీవర్ పెడల్ ఆకారంలో బోర్డు మీదే కూర్చుంటుంది. డబ్బా మీద రేంజ్ 30 మీటర్లని ఉంది. మధ్యాహ్నం సౌండ్‌చెక్‌లో అతన్ని ర్యాంపు చివరి వరకు రెండుసార్లు నడిపించాను, ఒక్కసారి కూడా తెగలేదు. నోట్‌బుక్‌లో ‘వైర్‌లెస్ సరి’ అని రాసి టిక్కు పెట్టాను.

రాత్రి నాలుగోసారి తెగాక, అయిదో పాటకు ముందు 6 మీటర్ల కేబుల్ చేతికిచ్చాను. ఆ తర్వాత అతను ర్యాంపు మీదికి వెళ్లలేకపోయాడు. ఆఖరి పాట ర్యాంపు కోసమే కట్టుకున్నది. దాన్ని యాంప్ పక్కన నిలబడి వాయించాడు. కార్యక్రమం అయ్యాక వచ్చి, “అన్నా, ఇది పాడైందంటావా? తిరిగి ఇచ్చేయనా?” అని అడిగాడు.

“రెండు రోజులు ఆగు తమ్ముడూ. తప్పు పరికరానిదేనని తేలాక ఇచ్చేద్దాం” అన్నాను.

వీడియోలో దొరికిన ఆధారం

కార్యక్రమాన్ని ఒక కెమెరా మొదటి నుంచి చివరి వరకు తీసింది. మర్నాడు దాన్ని పెట్టుకుని, తెగిన ప్రతిసారీ అతను ఎక్కడున్నాడో, ఎటు తిరిగి ఉన్నాడో రాసుకున్నాను. నాలుగింటిలో మూడు ర్యాంపు చివర, ప్రేక్షకుల వైపు ముఖం పెట్టినప్పుడు. నాలుగోది నన్ను ఆలోచనలో పడేసింది. అప్పుడు అతను పెడల్‌బోర్డుకు నాలుగు మీటర్ల దూరంలోనే ఉన్నాడు, కానీ డ్రమ్మర్ వైపు వంగి, బోర్డుకు వీపు పెట్టి వాయిస్తున్నాడు.

అంటే దూరం ఒక్కటే కారణం కాదు. నాలుగుసార్లూ ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మధ్య అతని శరీరం అడ్డుగా ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. మనిషి నడుము దానికంటే రెండు మూడు రెట్లు వెడల్పు. పైగా శరీరంలో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. గిటార్ పొట్ట ముందు ఉంటుంది, రిసీవర్ వీపు వెనక ఉంటుంది. వాయించేవాడే గోడ అయిపోతాడు.

అయితే మధ్యాహ్నం కూడా అతను అలాగే నడిచాడు, అలాగే నిలబడ్డాడు. మరి అప్పుడెందుకు తెగలేదు? మధ్యాహ్నానికీ రాత్రికీ నడుమ మారినవి వెతికితే రెండు దొరికాయి. మొదటిది, 900 మంది మనుషులు, వాళ్ల జేబుల్లో ఫోన్లు. రెండోది ఎవరూ ప్రస్తావించనే లేదు. మధ్యాహ్నం మిక్సింగ్ చేసిన సహచరుడు మిక్సర్ దగ్గరే కూర్చున్నాడు. రాత్రి టాబ్లెట్ పట్టుకుని హాలంతా తిరుగుతూ మిక్స్ చేశాడు. ఆ టాబ్లెట్ కోసం ఆన్ చేసిన వైఫై రౌటర్ స్టేజీ ర్యాకులో, పెడల్‌బోర్డుకు మీటరున్నర దూరంలో ఉంది. అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తోంది.

ఖాళీ హాల్లో పరీక్ష

హాలు మరో అరపూట దొరికింది. పెడల్‌బోర్డు, యాంప్, ర్యాకు అన్నీ ఆ రోజు ఉన్న చోటే పెట్టాం. రిసీవర్ మీద సిగ్నల్ బలాన్ని చూపే దీపాలు అయిదు.

ముందుగా రౌటర్ ఆపి అతన్ని ర్యాంపు చివరికి పంపాను. స్టేజీ వైపు తిరిగితే అయిదు దీపాలు, ప్రేక్షకుల వైపు తిరిగితే రెండు. అయినా శబ్దం తెగలేదు. ఖాళీ హాల్లో గోడలు, సీట్లు, పైకప్పు తరంగాలను వెనక్కి కొడతాయి కాబట్టి, వీపు దాటి రాలేనిది చుట్టూ తిరిగి వస్తుంది. మధ్యాహ్నం మమ్మల్ని నమ్మించింది ఇదే. సీట్లలో మనుషులు నిండితే ఆ ప్రతిఫలనాల్లో చాలా భాగం వాళ్లలోనే ఇంకిపోతుంది.

తర్వాత రౌటర్ ఆన్ చేసి, టాబ్లెట్‌లో మిక్సర్ తెర తెరిచి ఉంచాం. స్టేజీ వైపు తిరిగి ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ప్రేక్షకుల వైపు తిరిగిన ఇరవై సెకన్లలోపే తెగింది, ఆ రాత్రి విన్న తెగుడే. అక్కడున్న పద్దెనిమిది మందినీ ఫోన్లలో హాట్‌స్పాట్ ఆన్ చేసి ర్యాంపు చుట్టూ నిలబడమన్నాను. ఇక తెగుడు ఆగలేదు.

ఇక్కడ కాగితం మీద చిన్న లెక్క వేసి చూపించాను, ఎందుకంటే రౌటర్ అంత చేయగలదని గిటారిస్టు నమ్మలేదు. రేడియో తరంగం బలం దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ట్రాన్స్‌మిటర్ 16 మీటర్ల దూరంలో ఉంది, రౌటర్ మీటరున్నరలో. దూరం దాదాపు పదకొండు రెట్లు కాబట్టి బలంలో తేడా సుమారు 114 రెట్లు. ఇలాంటి చిన్న ట్రాన్స్‌మిటర్ 10 మిల్లీవాట్లు ఇస్తుందనుకుంటే, రౌటర్ 100 మిల్లీవాట్ల దాకా ఇస్తుంది, అంటే మరో పది రెట్లు. అన్నీ కలిపితే రిసీవర్ చెవిలో రౌటర్ గొంతు గిటార్ కంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిగా పడుతోంది. వీపు అడ్డం వల్ల పోయేది ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇలాంటి డిజిటల్ వ్యవస్థలు చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీని పట్టుకుని కూర్చోవు, ఖాళీగా ఉన్న చోటు వెతుక్కుని గెంతుతుంటాయి. కానీ ఈ బ్యాండు మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. 20 మెగాహెర్ట్జ్ వైఫై ఛానెల్ ఒక్కటే అందులో నాలుగో వంతు ఆక్రమిస్తుంది. ఒకదానిపై ఒకటి పడకుండా సర్దగలిగే ఛానెళ్లు 1, 6, 11 మూడే. రౌటర్ ఒకదాన్ని, హాలు వైఫై ఒకదాన్ని, ఫోన్లు మిగిలినదాన్ని పట్టుకుంటే గిటార్ ఎక్కడికని గెంతుతుంది?

ఏమి మార్చాం

రౌటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, స్టేజీ మీది నుంచి తీసేసి హాలు వెనక మిక్సర్ దగ్గర పెట్టాం. పది నిమిషాల పని. రిసీవర్‌ను పెడల్‌బోర్డు నుంచి విప్పి, మైక్ స్టాండుకు బిగించి, స్టేజీ ముందంచున పక్కగా, నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో నిలిపాం. అక్కడి నుంచి బోర్డుకు కేబుల్ వేశాం. రిసీవర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) తక్కువ కాబట్టి ఆ కేబుల్ పొడవు వల్ల శబ్దం మందగించదు.

పెడల్‌బోర్డు మీద రిసీవర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ నేల మీద, మానిటర్ స్పీకర్ వెనక, పెడళ్లకు కరెంటిచ్చే పవర్ సప్లైల మధ్య యాంటెన్నాను కూర్చోబెట్టడం పెద్ద స్టేజీకి తగదు. చిన్న వేదికల్లో, నాలుగైదు మీటర్లలోపు కదిలేవాళ్లకు అది చాలు. ర్యాంపు ఉంటే మాత్రం యాంటెన్నా వాయించేవాడికి కనిపించాలి. అతని కంటికి రిసీవర్ కనిపిస్తే రిసీవర్‌కు అతనూ కనిపిస్తాడు. ఈ ఒక్క సూత్రంతో శబ్దం తెగడాల్లో సగం పోతాయి.

మళ్లీ పద్దెనిమిది ఫోన్లతో, ప్రేక్షకుల వైపు ముఖం పెట్టి పదిహేను నిమిషాలు వాయించాడు. దీపాలు మూడుకు తగ్గాయి గానీ ఒక్కసారి కూడా తెగలేదు. ట్రాన్స్‌మిటర్‌ను తిరిగి ఇవ్వాల్సిన పని లేకపోయింది.

“శబ్దం పదునెక్కింది” అన్న ఫిర్యాదు

తెగుడు తగ్గాక రెండో సంగతి బయటికి వచ్చింది. కేబుల్‌తో వాయించినప్పుడు ఉన్న గుండ్రదనం వైర్‌లెస్‌లో లేదని, పై స్వరాలు గీసుకున్నట్టు వస్తున్నాయని గిటారిస్టు అన్నాడు. చాలామంది దీన్ని ఊహ అని కొట్టిపారేస్తారు. అది ఊహ కాదు.

తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ ఒక తీగచుట్ట, దానికి ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. కేబుల్‌కు కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) ఉంటుంది, మామూలు గిటార్ కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దాన్ని పైకెత్తి, ఆపైన ఉన్నదాన్ని కోసేస్తాయి. మనకు అలవాటైన గిటార్ శబ్దంలో కేబుల్ పాత్ర అది. 2.5 హెన్రీల సింగిల్ కాయిల్ పికప్, 6 మీటర్ల కేబుల్, పికప్ చుట్టలో లోపల మరో 150 పికోఫారడ్లు అనుకుంటే ఆ శిఖరం 3.7 కిలోహెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. కేబుల్ తీసేసి ట్రాన్స్‌మిటర్‌ను నేరుగా గుచ్చితే శిఖరం 8 కిలోహెర్ట్జ్ దాటుతుంది. కేబుల్ ఇన్నాళ్లూ మూసి ఉంచిన పై భాగమంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అతను విన్నది అదే.

కొన్ని రిసీవర్లలో కేబుల్ పొడవును అనుకరించే స్విచ్ ఉంటుంది. ఈ పరికరంలో లేదు. తర్వాత నడుముకు కట్టుకునే ట్రాన్స్‌మిటర్‌కు మారినప్పుడు, గిటార్ నుంచి దానికి వెళ్లే పొట్టి కేబుల్ ప్లగ్గు విప్పి, చివరి కొసకూ గ్రౌండుకూ మధ్య 470 పికోఫారడ్ల కెపాసిటర్ టంకం వేశాను. గోరంత లేదు అది. ప్లగ్గు మూత బిగించి గిటార్‌కు పెట్టి వాయించమన్నాను. మొదటి స్వరగుచ్ఛం (కార్డు) వినగానే గిటారిస్టు తలెత్తి చూశాడు. ఆ తర్వాత టోన్ నాబ్ ముట్టుకోకుండా పాట మొత్తం వాయించాడు.

శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ సంగతి అంత సులువుగా తేలలేదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన పాత తరహా ఫజ్‌కు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ, అది పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. గిటార్ వాల్యూమ్ తగ్గించగానే ఫజ్ శుభ్రపడే గుణం ఆ ముడిలోంచే వస్తుంది. మధ్యలో వైర్‌లెస్ వస్తే ఫజ్‌కు కనిపించేది పికప్ కాదు, రిసీవర్. వాల్యూమ్ తగ్గించినా శబ్దం చిన్నదవుతుందే గానీ శుభ్రపడదు. పికప్‌ను అనుకరించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి ప్రయత్నించాం, దగ్గరగా వచ్చింది, సరిగ్గా రాలేదు. ఫజ్ ఉన్నది ఒకే పాటలో. ఆ పాటకు కేబుల్ వాడమని నేనే చెప్పాను. అన్ని పాటలకూ వైర్‌లెస్సే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

గెయిన్ (సిగ్నల్ స్థాయి) గురించి ఒక మాట. వైర్‌లెస్‌కు, కేబుల్‌కు మధ్య శబ్దం స్థాయి సమానం కాకపోతే పెడళ్లు, యాంప్ అన్నీ వేరేలా స్పందిస్తాయి. ఒకే రిఫ్‌ను (చిన్న స్వర వరసను) రెండు రకాలుగా వాయించి, మీటరులో సమానంగా వచ్చే వరకు రిసీవర్ స్థాయి సర్దాం. గట్టి హంబకర్ (రెండు చుట్టల పికప్) ఉన్న రెండో గిటార్, ట్రాన్స్‌మిటర్ తట్టుకోలేనంత సిగ్నల్ పంపి శబ్దాన్ని చీలుస్తోంది. దానికి సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ స్విచ్ తప్పలేదు.

వైర్‌లెస్ శబ్దాన్ని మార్చేస్తుందన్న మాట ఎప్పుడూ నిందే కానక్కర్లేదు. 1970ల మధ్యలో కెన్ షాఫర్ రూపొందించిన షాఫర్-వేగా వైర్‌లెస్ వ్యవస్థలో ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ హెచ్చుతగ్గులను నొక్కి పంపేది, రిసీవర్ వాటిని మళ్లీ విప్పేది. ఆ నొక్కుడులో పుట్టిన రంగు ఏసీ/డీసీ రాక్ బృందం గిటారిస్టు యాంగస్ యంగ్‌కు ఎంత నచ్చిందంటే, 1980లో స్టూడియోలో కూడా దాన్ని వాడాడు. అక్కడ కేబుల్ తిప్పలు ఏమీ లేవు, శబ్దం కోసమే వాడాడు.

అదే వ్యవస్థను తొలినాళ్లలో వాడినవాళ్లలో అమెరికా రాక్ బృందం కిస్ ఉంది. 1976 డిసెంబరులో అమెరికాలోని లేక్‌లాండ్‌లో వాళ్ల గిటారిస్టు ఏస్ ఫ్రేలీ స్టేజీ మీద లోహపు రెయిలింగ్ పట్టుకుని షాక్ తిన్నాడు, తర్వాత బృందం వైర్‌లెస్‌కు మారింది. కేబుల్‌తో వాయించేటప్పుడు తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎక్కడో ఎర్తింగ్ లోపం ఉండి, చేతిలో గిటారూ పెదవికి మైకూ తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్‌సీలో గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదే అలాంటి లోపంతో చనిపోయాడు. వైర్‌లెస్ ఆ దారిని తెంచుతుంది. కానీ లోపం ఉన్న ఎర్త్ అలాగే ఉంటుంది, కీబోర్డు వాయించేవాళ్లనూ బేసిస్టునూ అది కాపాడదు. సాకెట్ల ఎర్త్ పరీక్షించకుండా నేను ఏ స్టేజీ మీదా ఎవరి చేతికీ గిటార్ ఇవ్వను.

పెద్ద వేదికకు యు.హెచ్.ఎఫ్.

తర్వాతి కార్యక్రమం ఇంకా పెద్దది, ఆరుబయట. అక్కడికి 2.4 గిగాహెర్ట్జ్ వద్దనుకున్నాను. యు.హెచ్.ఎఫ్.లో (టీవీ ప్రసారాలు కూడా వాడే, ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండులో) 520 మెగాహెర్ట్జ్ తరంగం 58 సెంటీమీటర్లు, మనిషి శరీరం పక్క నుంచి వంగి రాగలదు. వైఫై అక్కడ లేదు. ఇబ్బంది ఏమిటంటే, ఏ దేశంలో ఏ ముక్క వాడొచ్చో చట్టం చెబుతుంది, అది మారుతూ ఉంటుంది. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఎక్కువ భాగం మొబైల్ సంస్థలకు వెళ్లిపోవడంతో 2020 జూలై నుంచి అక్కడ పాత సెట్లు వాడటం కుదరదు. వాడిన సెట్టు చవకగా దొరికిందని కొనే ముందు దాని ఫ్రీక్వెన్సీ పట్టీ చూసుకోవాలి.

రిసీవర్‌కు రెండు యాంటెన్నాలు. గోడలకు తగిలి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదాన్ని ఒక్కో చోట రద్దు చేస్తుంది. ఒక యాంటెన్నా ఆ గుంటలో పడితే రెండోది పడకుండా ఉండాలని వాటిని మీటరు ఎడంలో పెట్టాం.

రిహార్సల్‌లో కొత్త చిక్కు వచ్చింది. గాయని, గాయకుడు దగ్గరగా వచ్చి కలిసి పాడే పల్లవిలోనే గిటార్‌లో బుస్సుమనే శబ్దం. వాళ్లు విడిపోగానే పోతోంది. వాళ్ల మైకులు 520.1, 520.9 మెగాహెర్ట్జ్‌లో ఉన్నాయి, గిటార్ 521.7లో. రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకదాని పక్కకు ఒకటి వస్తే వాటి సర్క్యూట్లలో కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేయండి: 520.9 రెండింతలు 1041.8, అందులోంచి 520.1 తీసేస్తే 521.7. గిటార్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా అదే! మూడింటినీ సమాన దూరంలో చక్కగా పేర్చానని నేను అనుకున్నాను. సమాన దూరమే కొంప ముంచింది. ఫ్రీక్వెన్సీలను ఎప్పుడూ ఎగుడుదిగుడు ఎడంలో పెట్టాలి, లేదా తయారీదారు ఇచ్చిన గ్రూపులోంచే అన్నింటినీ తీసుకోవాలి. గిటార్‌ను 523.4కు జరిపాం, బుస్సు పోయింది.

తీగ మీటిన క్షణానికీ శబ్దం వినిపించే క్షణానికీ మధ్య వైర్‌లెస్ వల్ల వచ్చే ఆలస్యం గురించి చాలామంది అడుగుతారు. మా 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ సెట్టులో అది 4 మిల్లీసెకన్ల లోపే. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, యాంప్‌కు మరో మీటరున్నర వెనక్కి జరిగి నిలబడినంత తేడా. డిజిటల్ పెడల్, డిజిటల్ మిక్సర్, చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ఇన్-ఇయర్ అన్నీ వరసగా చేరితే మాత్రం కూడి కూడి పది దాటుతుంది, అప్పుడు వేగంగా వాయించేవాళ్లకు తెలుస్తుంది. బ్యాటరీల విషయంలో వాదనే లేదు, ప్రతి కార్యక్రమానికీ కొత్తవి లేదా అప్పుడే నిండా ఛార్జ్ చేసినవి.

ఆరుబయట కార్యక్రమం రాత్రి గిటారిస్టు ర్యాంపు చివర ప్రేక్షకుల వైపు తిరిగి ఆఖరి సోలో మొత్తం వాయించాడు. నేను పాట వినలేదు, రిసీవర్ దీపాలనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఎర్ర దీపం వెలగలేదు. యాంప్ మీద 6 మీటర్ల కేబుల్ చుట్ట విప్పకుండానే ఉంది. వచ్చే నెల వేదికకు వెనక మొత్తం ఎల్‌ఈడీ గోడ వస్తోంది. అలాంటి గోడలు వెలిగినప్పుడు యు.హెచ్.ఎఫ్.లో రొదను పెంచుతాయి. అందుకే ఈసారి ఫ్రీక్వెన్సీ స్కాన్ రెండుసార్లు చేయాలని రాసిపెట్టుకున్నాను: ఒకటి గోడ ఆపి, ఇంకొకటి అది పూర్తి వెలుగులో ఉండగా.